డ్రిప్ ఎన్నింటికి ఎక్కించారు?

క్యాన్సర్ డే కేర్‌లో డ్రిప్ పెట్టే ముందు నర్సు రోగి పేరు అడుగుతుంది, చేతి పట్టీ మీది నంబరు చూస్తుంది. సంచి మీది మందు పేరు, మిల్లీగ్రాములు ఇంకో నర్సుతో కలిసి పైకి చదివి సరిచూసుకుంటుంది. అప్పుడు చుక్కలు సరిచేసి, మొదలుపెట్టిన సమయం ఛార్టులో రాస్తుంది. మధ్యాహ్నం 3.20 అనుకుందాం. మిల్లీగ్రాముల్లో పొరపాటు జరిగితే ఆసుపత్రంతా కదులుతుంది. ఆ 3.20ని మాత్రం సాధారణంగా ఎవరూ మళ్లీ తీసి చూడరు. పొద్దున 9కి ఎక్కించినా సాయంత్రం 6కి ఎక్కించినా మందు మందే కదా అన్నది మన అలవాటు.

ఆ అలవాటు సరైనది కాకపోవచ్చని చెప్పే ఆధారాలు 40 ఏళ్లుగా పోగవుతున్నాయి. వాటిలో కొన్ని గట్టివి. కొన్ని మొదట గొప్పగా కనిపించి, మరింత పెద్ద పరీక్షలో నిలబడలేకపోయాయి. ఈ తేడా చెప్పకుండా అన్నీ కలగలిపి ‘పొద్దున్నే చేయించుకుంటే క్యాన్సర్ తగ్గిపోతుంది’ అని ఫార్వర్డ్ చేసేవాళ్ల వల్ల రోగికి నష్టం. ‘అదంతా ఉత్తిదే’ అని కొట్టిపారేసే వైద్యుల వల్ల కూడా నష్టమే. నేను వాదించేది ఒక్కటే. మందు వేసిన వేళను కూడా మోతాదులాగే పట్టించుకోవాలి. ఆ వేళను గోడ గడియారంతో కాదు, రోగి నిద్రతో కొలవాలి.

సాయంత్రానికి చింతాకు ముడుచుకుంటుందని మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అలెగ్జాండర్ దండయాత్రల కాలంలో, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో, ఆండ్రోస్థనీస్ అనే గ్రీకు నావికుడు ఇప్పటి బహ్రెయిన్ దీవిలో సరిగ్గా ఇదే చూసి రాసిపెట్టాడు. 1729లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ద మైరాన్ ఇంకో అడుగు వేసి, అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో ఉంచి చూశాడు. ఎండ సోకకపోయినా పగటి వేళకు ఆకులు విచ్చుకున్నాయి. అంటే మొక్క ఎండను చూసి విచ్చుకోవడం లేదు, లోపలే వేళ లెక్కపెట్టుకుంటోంది. ఆ లెక్క జన్యువుల్లో ఉందని 1971లో కొనాప్కా, బెంజర్ పండ్ల ఈగల్లో చూపించారు. అది ఎలా నడుస్తుందో విప్పిచెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

మనలో ఆ యంత్రం ఇలా తిరుగుతుంది. క్లాక్, బీమాల్1 అనే రెండు ప్రోటీన్లు జతకట్టి పీరియడ్, క్రై అనే జన్యువులను పనిలో పెడతాయి. ఆ జన్యువుల నుంచి తయారైన ప్రోటీన్లు కణంలో నెమ్మదిగా పేరుకుని, కేంద్రకంలోకి వెళ్లి, తమను పుట్టించిన జంటనే ఆపేస్తాయి. తర్వాత అవి అరిగిపోతాయి, జంట మళ్లీ పని అందుకుంటుంది. ఈ చుట్టుకు సుమారు 24 గంటలు పడుతుంది. శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఇది తిరుగుతూనే ఉంటుంది. మెదడులో, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న ముద్ద ఒకటి ఉంది. అన్ని గడియారాలకూ పెద్ద గడియారం అదే. దాన్ని సరిచేసేది కంట్లో పడే వెలుగు, ముఖ్యంగా నీలి వెలుగు. కాలేయం, పేగుల్లోని గడియారాలు మాత్రం తిండి వేళకు ఎక్కువ లొంగుతాయి. అర్ధరాత్రి 1 గంటకు ట్యూబ్‌లైటు కింద బిర్యానీ తినేవాడి మెదడు ఒక వేళలో ఉంటుంది, కాలేయం ఇంకో వేళలో ఉంటుంది.

దీనికీ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం? కణం విభజనకు దిగే ముందు దాటాల్సిన ఒక గేటు ఉంది. ఆ గేటును మూసి ఉంచే వీ1 అనే ప్రోటీన్ ఎంత తయారవ్వాలో నేరుగా ఈ గడియారమే చెబుతుంది. దెబ్బతిన్న డీఎన్‌ఏను కోసి బాగుచేసే పనిముట్లలో ఎక్స్‌పీఏ అనే ప్రోటీన్ కీలకమైనది. దాని పరిమాణం కూడా రోజులో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నార్త్ కరోలినాలో అజీజ్ సాంకార్ ప్రయోగశాలలో శోభన్ గడ్డమీది, సహచరులు 2011లో దీన్ని ఎలుకల చర్మం మీద చూపించారు. మరమ్మతు అడుగంటే తెల్లవారుజామున 4కి అతినీలలోహిత కిరణాలు సోకించిన ఎలుకల్లో, సాయంత్రం 4కి సోకించిన వాటికంటే సుమారు 5 రెట్లు ఎక్కువ చర్మ కణుతులు వచ్చాయి. కిరణాల మోతాదులో తేడా లేదు, మారింది వేళ ఒక్కటే. ఎలుక రాత్రి తిరిగే జీవి కాబట్టి ఆ గంటలను ఉన్నవి ఉన్నట్టుగా మనిషికి అన్వయించకూడదు. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే మొదలవుతాయి.

పెద్ద గడియారాన్నే తీసేస్తే? ఫ్రాన్స్‌లో ఫిలిప్‌స్కీ, లెవీ బృందం 2002లో ఎలుకల మెదడులోని ఆ ముద్దను నాశనం చేసి కణుతులు నాటింది. గడియారం ఉన్న ఎలుకల్లో కన్నా లేని ఎలుకల్లో కణుతులు రెండు మూడు రెట్లు వేగంగా పెరిగాయి. అదే సంవత్సరం, పీరియడ్2 జన్యువు చెడిన ఎలుకలకు రేడియేషన్ తగిలితే లింఫోమాలు (లింఫు కణాల క్యాన్సర్లు) ఎక్కువ వస్తాయని ఇంకో బృందం చూపించింది. దీన్నిబట్టి ‘గడియారం మంచిది, క్యాన్సర్ దాన్ని పాడుచేస్తుంది’ అని సూత్రం రాసేసుకోకండి. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో, కొన్ని రకాల రక్త క్యాన్సర్‌లో మూలకణాలు అదే గడియార ప్రోటీన్లను ఆసరా చేసుకుని బతుకుతాయి. ఏ క్యాన్సర్ అన్నది చెప్పకుండా గడియారం గురించి మాట్లాడితే మాట సగమే అవుతుంది.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది 2022లో జూరిక్ నుంచి నికోలా అచేటో బృందం ప్రచురించిన పని. రొమ్ము క్యాన్సర్ ఉన్న 30 మంది స్త్రీల నుంచి తెల్లవారుజామున 4కి ఒకసారి, పొద్దున 10కి ఒకసారి రక్తం తీశారు. కణితి నుంచి విడిపోయి రక్తంలో తిరిగే కణాలు మొత్తం ఎన్ని దొరికాయో, వాటిలో 78 శాతానికి పైగా 4 గంటల నమూనాల్లోనే ఉన్నాయి. కణితి రాళ్లగుట్ట కాదు, దానికీ వేళలున్నాయి. దీన్ని చదివి ‘అయితే నిద్రపోకూడదా’ అని భయపడినవాళ్లు ఉన్నారు. అది పూర్తిగా తప్పు. నిద్ర మానేస్తే ఆ కణాలు తగ్గుతాయని ఈ పరిశోధన చెప్పలేదు. రక్తం ఏ వేళలో తీస్తున్నామో రాసిపెట్టకుండా ఇలాంటి కణాలను లెక్కపెట్టడంలో అర్థం లేదని మాత్రం ఇది తేల్చిచెప్పింది.

ఇక రాత్రి డ్యూటీలు. రాత్రిపూట కరెంటు వెలుగుకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉండొచ్చని 1987లో రిచర్డ్ స్టీవెన్స్ ఒక ఊహను ముందుపెట్టాడు. 2001లో అమెరికా నర్సుల అధ్యయనంలో, నెలకు కనీసం 3 రాత్రుల చొప్పున 30 ఏళ్లు, ఆపైన పనిచేసిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 36 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో రాత్రి షిఫ్టులను 2ఏ వర్గంలో, అంటే ‘బహుశా క్యాన్సర్ కలిగించేవి’ అన్న జాబితాలో పెట్టింది. 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. అయితే 2016లో బ్రిటన్ పరిశోధకులు 10 అధ్యయనాలను, సుమారు 14 లక్షల మంది స్త్రీల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు ముప్పు ఏమాత్రం పెరిగినట్టు కనబడలేదు.

రెండూ నిజం ఎలా అవుతాయి? ‘ఎప్పుడైనా రాత్రి పనిచేశారా’ అని అడిగితే, ఏడాదిపాటు చేసి మానేసిన మనిషి, 25 ఏళ్లు చేసిన మనిషి ఒకే గంపలో పడతారు. పెద్ద వయసులో మొదలైన అధ్యయనాల్లో చేరినవాళ్లు చాలామంది రాత్రి పని మానేసి ఏళ్లు గడిచినవాళ్లు. నర్సుల రెండో అధ్యయనంలో, వయసులో ఉండగానే 20 ఏళ్లకు పైగా రాత్రులు చేసినవాళ్లలో ముప్పు మళ్లీ గట్టిగా కనిపించింది. నా అంచనా ఇది: కొద్ది ఏళ్ల రాత్రి పనికి భయపడాల్సిన పనిలేదు. చిన్న వయసులో మొదలై దశాబ్దాలు, వారానికి చాలా రాత్రులు సాగే పనిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 2ఏ అన్న ముద్ర ఆధారం ఎంత బలమైనదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. మేక మాంసం, గొర్రె మాంసం కూడా అదే వర్గంలో ఉన్నాయి.

డెన్మార్క్ ఈ వాదన తేలేదాకా ఆగలేదు. 20 ఏళ్లకు పైగా వారానికి కనీసం ఒక రాత్రి పనిచేసి రొమ్ము క్యాన్సర్ బారిన పడిన, వేరే పెద్ద కారణాలు లేని స్త్రీలకు 2008 నుంచి వృత్తి వ్యాధి కింద పరిహారం ఇచ్చింది. అక్కడి పరిశోధకులు షిఫ్టులకు మూడు కొలతలు కూడా చెప్పారు. వరసగా 3 రాత్రులకు మించకూడదు, రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల ఎడం ఉండాలి, షిఫ్టు 9 గంటలకు మించకూడదు. సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కులో, మన ఆసుపత్రుల్లో, అమెరికా వేళలకు పనిచేసే హైటెక్ సిటీ ఆఫీసుల్లో డ్యూటీ చార్టు వేసేవాళ్లు ఈ మూడు అంకెలను ఎదురుగా పెట్టుకుని వేయాలి. వరసగా 6, 7 రాత్రులు వేసి తర్వాత వారం సెలవు ఇవ్వడం ఉద్యోగికి సుఖంగానే అనిపించవచ్చు. లోపలి గడియారానికి మాత్రం అది ప్రతి పదిహేను రోజులకూ హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లి తిరిగి వచ్చినట్టే.

వైద్యం దగ్గరికి వద్దాం. ఇక్కడే ఆశ ఎక్కువ, ఎదురుదెబ్బలూ ఎక్కువ.

పిల్లల్లో వచ్చే లింఫాటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు, జబ్బు అణిగాక తిరిగి రాకుండా చూసే మెయింటెనెన్స్ దశలో రోజూ 6-ఎంపీ మాత్ర వేస్తారు. పొద్దున వేసుకున్న పిల్లల కన్నా సాయంత్రం వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం తక్కువని 1985లో కెనడా నుంచి ఒక పరిశోధన వచ్చింది. దాంతో ‘రాత్రి, ఖాళీ కడుపున, పాలు లేకుండా’ అన్న నియమం ప్రపంచమంతా పాకింది. మన ఇళ్లలో నిద్రమత్తులో ఉన్న నాలుగేళ్ల పిల్లను లేపి మాత్ర మింగించే తల్లులు ఈ నియమం వల్లనే అలా చేస్తున్నారు. 2014లో నార్డిక్ దేశాల సమాచారం, 2017లో అమెరికా సమాచారం చూస్తే వేళకూ పాలకూ తిరగబెట్టడంతో సంబంధం కనబడలేదు. సంబంధం కనబడింది మాత్రలు తప్పడంతో. వేసుకోవాల్సిన వాటిలో 95 శాతం కన్నా తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు పెరిగింది. నెలకు 30 రోజుల్లో 2 రోజులు తప్పితే 93 శాతమే. కాబట్టి పిల్ల రాత్రి మాత్ర వేసుకోకుండా నిద్రపోతుంటే, డాక్టరుకు చెప్పి రోజూ తప్పకుండా మింగగలిగే ఇంకో వేళకు మార్చుకోండి. ఇక్కడ కావలసింది మంచి గంట కాదు, తప్పని గంట.

పెద్దపేగు క్యాన్సర్ కథ ఇంతకన్నా బాధాకరం. 5-ఎఫ్‌యూ అనే మందును విరిచేసే ఎంజైమ్ రాత్రిపూట ఎక్కువ చురుగ్గా ఉంటుంది. ఆ లెక్కతో ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ లెవీ ప్రోగ్రామ్ చేసిన పంపుతో 5-ఎఫ్‌యూ తెల్లవారుజామున 4కి, ఆక్సాలీప్లాటిన్ అనే ఇంకో మందు సాయంత్రం 4కి పతాకస్థాయికి చేరేలా ఎక్కించాడు. 1997లో 186 మంది మీద ఫలితం ప్రచురించాడు. రోజంతా ఒకే వేగంతో ఎక్కించినవాళ్లలో 76 శాతానికి తీవ్రమైన నోటి పుండ్లు వస్తే, వేళ చూసి ఎక్కించినవాళ్లలో 14 శాతానికే వచ్చాయి. కణితి తగ్గినవాళ్లు 29 శాతం నుంచి 51 శాతానికి పెరిగారు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ 2006లో, 564 మందితో చేసిన యూరప్ పరీక్షలో, మామూలుగా వాడే రెండు రోజుల పద్ధతితో పోల్చితే మొత్తం మీద ఆయుష్షులో తేడా లేదు. విడదీసి చూస్తే పురుషుల్లో మరణ ముప్పు 25 శాతం తగ్గింది, స్త్రీలలో 38 శాతం పెరిగింది. ఒకే వేళ మగవారికి మేలు చేసి ఆడవారికి కీడు చేసింది. ఆ తర్వాత ఇరినోటెకాన్ మందులోనూ ఇలాగే కనబడింది: మగవారికి పొద్దున, ఆడవారికి మధ్యాహ్నం బాగా ఒంటబట్టింది. కాబట్టి అందరికీ సరిపడే ‘మంచి గంట’ ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రేడియేషన్‌లో మన దేశపు పని చెప్పుకోదగ్గది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 229 మంది స్త్రీలను లక్నోలో లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒకరికి పొద్దున 8–10 మధ్య, ఇంకొకరికి సాయంత్రం 6–8 మధ్య ఇచ్చారు. విరేచనాలు పొద్దున గుంపులోనే ఎక్కువ వచ్చాయి. తల, మెడ క్యాన్సర్‌లో నోటి పుండ్లు చూస్తే తీరు వేరు, అక్కడ పొద్దున గుంపుకే కాస్త మేలు. పేగు గోడకు ఒక వేళ, నోటి పొరకు ఇంకో వేళ. మన దగ్గర ఒక్కో రేడియేషన్ యంత్రం తెల్లవారి నుంచి రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తుంది. రాత్రి స్లాటు దొరికిందని దిగులుపడే స్త్రీకి, పొత్తికడుపు రేడియేషన్‌కు అది చెడ్డ వేళ అని చెప్పడానికి ఆధారం లేదని, ఉన్న ఆధారం ఇంకోవైపే మొగ్గుతోందని చెప్పండి.

ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నది ఇమ్యునోథెరపీ గురించి, అంటే శరీరపు రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందుల గురించి. 2021లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 299 మంది రోగుల పాత రికార్డులు తీసింది. తమ డోసుల్లో అయిదోవంతు, అంతకన్నా ఎక్కువ సాయంత్రం 4.30 తర్వాత తీసుకున్నవాళ్లను, వయసూ జబ్బూ కలిసే మిగతావాళ్లతో జతచేసి పోల్చింది. 5 ఏళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు సాయంత్రం గుంపులో 49 శాతం, రెండో గుంపులో 68 శాతం. ఇది రికార్డులు చూసి చెప్పిన మాట. సాయంత్రం ఆలస్యంగా వచ్చేది ఎవరు? దూరం నుంచి వచ్చేవాళ్లు, నీరసించి లేవలేనివాళ్లు, తోడు దొరకనివాళ్లు. వాళ్ల ఫలితం బాగా లేకపోతే నేరం గంటదేనా? ఈ ప్రశ్నకు లాటరీ పరీక్ష ఒక్కటే జవాబివ్వగలదు. చైనాలోని హునాన్ నుంచి 2025లో అలాంటిది వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 210 మందికి కీమోతో కలిపి ఇమ్యునోథెరపీ, మొదటి 4 డోసులు సగం మందికి మధ్యాహ్నం 3లోపు, సగం మందికి 3 తర్వాత. జబ్బు ముదరకుండా ఆగిన కాలం ముందువాళ్లలో 11.3 నెలలు, తర్వాతివాళ్లలో 5.7 నెలలు.

ఇది చాలా పెద్ద తేడా, కొత్త మందు కనిపెట్టినంత. అందుకే నేను తొందరపడను. ఈ మందులు ఒకసారి ఎక్కిస్తే రక్తంలో వారాల తరబడి ఉంటాయి, 3 వారాలు గడిచినా సగం మిగిలే ఉంటుంది. మరి మొదటి కొన్ని గంటల వేళకు ఇంత బలం ఎక్కడిది? జెనీవాలో షైర్‌మాన్ బృందం ఎలుకల్లో చూపిన జవాబు ఆలోచించదగ్గది. రోగనిరోధక కణాలు కణితిలోకి, లింఫు గ్రంథుల్లోకి రోజులో కొన్ని వేళల్లోనే ఎక్కువగా చేరతాయి. మందు ఆ వేళకు అక్కడ ఉంటే మొదటి దాడే బలంగా పడుతుంది. నమ్మదగ్గ జవాబే గానీ, ఇంకో దేశంలో ఇంకో బృందం చేతిలో ఇదే ఫలితం మళ్లీ రావాలి.

అంతదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ఇక్కడ ఒక రోగి రోజును దగ్గరగా చూద్దాం. ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కిన మనిషి పొద్దున 6కి హైదరాబాద్‌లో దిగుతాడు. రాత్రంతా నిద్ర లేదు. 7.30కి ఓపీ చీటీ. 8.30కి రక్తం తీస్తారు. సీబీసీ, క్రియాటినిన్, లివర్, థైరాయిడ్ రిపోర్టులు చేతికొచ్చేసరికి 11.30. డాక్టరు చూసి సంతకం పెట్టేసరికి 12.30. ఫార్మసీకి ఆర్డరు వెళ్లి, అక్కడ గాలి వడపోసే క్యాబినెట్‌లో మందు కలిపి పైకి పంపేసరికి 2. కుర్చీ ఖాళీ అయ్యేసరికి 3. ఎవరూ కావాలని ఆలస్యం చేయలేదు, వరసే అలా ఉంది. అదే ఊళ్లో ఇల్లున్నవాడికి 10కే డ్రిప్ మొదలవుతుంది. గంట నిజంగా ముఖ్యమైతే, దూరాన ఉన్న పేదవాడు ప్రతి 3 వారాలకూ చెడ్డ వేళే కొనుక్కుంటున్నాడు.

ఈ వరస మార్చడానికి కోట్లు అక్కర్లేదు. రక్త పరీక్ష ముందురోజే, లేదా 2 రోజుల ముందు, ఊళ్లోనే చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపించాలి. సాయంత్రంలోగా డాక్టరు చూసి సరే అంటే ఫార్మసీకి ఆర్డరు ఆ రాత్రికే చేరాలి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందుల డ్రిప్ అరగంటలో అయిపోతుంది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందుకు 3 గంటలు పడుతుంది. 8కి డే కేర్ తెరవగానే మూడు గంటల డ్రిప్పులను కూర్చోబెడితే కుర్చీలు 11 దాకా కదలవు. అరగంటవి ముందు ఎక్కిస్తే ఒక్కో కుర్చీలో 10లోపు ఇద్దరో ముగ్గురో లేచిపోతారు. కీమోతో కలిపి ఇచ్చినా మామూలుగా ఇమ్యునోథెరపీనే ముందు ఎక్కిస్తారు కాబట్టి క్రమానికీ అడ్డు రాదు. రోగి బంధువులు అడగాల్సిన మాట కూడా ఇదే: ‘రిపోర్టులు ముందే పంపితే మాకు పొద్దున స్లాటు ఇస్తారా?’ ఇస్తే మంచిది. ఇవ్వకపోతే డోసు వాయిదా వేసుకోకండి. సాయంత్రం ఎక్కిన డోసు, వచ్చే వారం పొద్దున ఎక్కబోయే డోసు కన్నా మేలు. రాహుకాలం చూసుకునేవాళ్లకూ ఇదే మనవి. శుక్రవారం 10.30 నుంచి 12 దాకా, సోమవారం 7.30 నుంచి 9 దాకా వద్దంటే డ్రిప్ మధ్యాహ్నంలోకి జారుతుంది. పంచాంగంలోని వేళకు శరీరంలోని వేళతో లంకె లేదు.

‘పొద్దున’ అన్న మాట అందరికీ ఒకటేనా? నా వాదనలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. రాత్రి 11కి పడుకుని 6కి లేచేవాడి నిద్ర సగం గడిచే వేళ 2.30. సాయంత్రం 6.30 నుంచి తెల్లవారుజామున 3.30 దాకా ఆఫీసులో ఉండి, 5కి పడుకుని మధ్యాహ్నం 12కి లేచేవాడికి అది 8.30. ఇద్దరికీ పొద్దున 9కే డ్రిప్ పెడితే ఒకడికి పగలు మొదలైంది, ఇంకొకడికి నడిరాత్రి. శని, ఆదివారాల్లో ఇంట్లోవాళ్లతో పాటు పగటి మనిషిగా మారే అలవాటుంటే, అతని గడియారం రెండింటికీ మధ్యలో ఎక్కడో వేలాడుతూ ఉంటుంది. పరీక్షల్లో ‘3లోపు, 3 తర్వాత’ అని గీత గీసినప్పుడు ఈ మనిషి ఎటు పడతాడు? యూరప్ పరీక్షలో తెల్లవారుజామున 4 అని పంపుకు చెప్పినప్పుడు కూడా అందరి లోపలా 4 అయ్యిందని ఏమీ లేదు. మంచి గంటలు మళ్లీ మళ్లీ చేజారిపోవడానికి ఇది ఒక కారణమని నా నమ్మకం. అందుకే చికిత్స మొదలవుతుందని తెలిసిన రోజే రాత్రి డ్యూటీ మాన్పించమని అడగాలి. లోపలి గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పునే కదులుతుంది. 6 గంటల తేడా సర్దుకోవడానికి కనీసం వారం కావాలి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లివచ్చి ఇక్కడ చికిత్స కొనసాగించే పెద్దవాళ్లకైతే 10 రోజులు పైనే.

లయ చెడగొట్టే మందులు మనమే ఇస్తున్నాం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పాక్లిటాక్సెల్‌కు ముందు డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్ మాత్రలు 12 గంటల ముందు ఒకసారి, 6 గంటల ముందు ఒకసారి వేసుకోమనే పాత పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. 9కి డ్రిప్ అంటే రాత్రి 9కి, తెల్లవారుజామున 3కి. ఒక స్టిరాయిడ్ నిద్ర రానివ్వదు, రెండోది అలారం పెట్టి లేపుతుంది. డ్రిప్‌కు అరగంట ముందు ఒకేసారి ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి కూడా ఉంది, మీకు అది కుదురుతుందా అని డాక్టరును అడగండి. వాంతులకో, డొసిటాక్సెల్ అనే కీమో మందుకో రోజుకు రెండుసార్లు స్టిరాయిడ్ రాస్తే, మొదటిది టిఫిన్‌తో 8కి, రెండోది రాత్రి భోజనంతో కాకుండా మధ్యాహ్నం 2, 3 గంటలకు వేసుకోవచ్చా అని అడగండి. శరీరం సొంతంగా తయారుచేసే స్టిరాయిడ్ కార్టిసాల్ పొద్దునే ఎక్కువ, రాత్రికి తక్కువ. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 104 మంది స్త్రీలలో ఈ ఏటవాలు చదునైపోయినవాళ్లు త్వరగా చనిపోయారని 2000లో తేలింది. చదును కావడం కారణమా, జబ్బు ముదిరిన గుర్తా అన్నది వేరే ప్రశ్న. కానీ దాన్ని మన చేతులతో ఇంకా చదును చేయడానికి కారణం లేదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుతో పాటు లీటర్లకొద్దీ సెలైన్ ఎక్కుతుంది. అది రాత్రి 8కి ముగిస్తే రోగి తెల్లవార్లూ బాత్‌రూమ్‌కు తిరుగుతూనే ఉంటాడు.

వేళ గురించి విని సొంతంగా మందుల టైములు మాత్రం మార్చకండి. కాపెసిటాబిన్ అనే కీమో మాత్ర 12 గంటల ఎడంతో, భోజనం ముగించిన అరగంటలోపే పడాలి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే అబిరాటెరోన్ ఖాళీ కడుపుకే వేసుకోవాలి. తిండితో కలిస్తే రక్తంలోకి చాలా రెట్లు ఎక్కువ చేరుతుంది. వీటిలో గడియారం కన్నా కంచం పెద్దది.

ఇక మెలటోనిన్ మాత్రల సంగతి. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే హార్మోన్ మెలటోనిన్. ఎలుకల్లో అది కణుతులను అణచిందన్నది నిజమే. 2005లో బ్లాస్క్ బృందం చీకట్లో తీసిన స్త్రీల రక్తం, రాత్రి లైటు వేశాక తీసిన రక్తం ఎలుకల్లోని రొమ్ము క్యాన్సర్ కణుతులకు ఎక్కించి, చీకటి రక్తం కణితిని నెమ్మదింపజేసిందని చూపించింది. కానీ కెనడాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ అయిన 709 మందికి ఏడాదిపాటు రాత్రి 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, 2 ఏళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టడంలో తేడా రాలేదు. నిద్రకు డాక్టరు రాస్తే వేసుకోండి, క్యాన్సర్ తగ్గుతుందని కొనకండి. చీకటి చేసే పని మాత్ర చేస్తుందని అనుకోలేం.

వెలుగు మాత్రం ఖర్చు లేనిది. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మన గదుల్లో వెలుగు 100 నుంచి 300 లక్స్. పొద్దున 7కి వాకిట్లో, నీడలో నిలబడినా వేల లక్స్ ఉంటుంది. పొద్దున లేచాక అరగంట గట్టి వెలుగిచ్చే లైటు ముందు కూర్చోవడం కీమో రోగుల నీరసానికి పనికొస్తుందని చిన్న పరీక్షల్లో కనబడింది. మనకు ఆ వెలుగు వాకిట్లోనే ఉంది, లేచిన గంటలోపు అరగంట బయట కూర్చుంటే చాలు. 5-ఎఫ్‌యూ, మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్లు, రేడియేషన్ తగిలిన చర్మం ఉన్నవాళ్లు ఒళ్లు కప్పుకుని నీడన కూర్చోవాలి. వెలుగు పడాల్సింది కళ్లలో, ఒంటిమీద కాదు. పగటి కునుకు 3లోపే, అరగంట మించకుండా. రాత్రి భోజనానికీ నిద్రకూ కనీసం 2 గంటల ఎడం. స్పెయిన్ అధ్యయనంలో 9లోపు తిన్నవాళ్లలో, లేదా ఈ ఎడం పాటించినవాళ్లలో రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు సుమారు 20 శాతం తక్కువ. అది అలవాట్లు అడిగి చేసిన అధ్యయనమే అయినా, 8కి తినడంలో పోయేదేమీ లేదు. వార్డుల్లో రాత్రి 2కి పెద్ద లైట్లు వేసి బీపీ చూడటం, 4.30కి అందరినీ లేపి రక్తం తీయడం మానడానికి మాత్రం ఆసుపత్రి పెద్దలు పూనుకోవాలి.

మన దగ్గర వేళ మీద పెద్ద పరీక్ష చేయగలమా అంటే, తప్పకుండా చేయగలం. తల, మెడ క్యాన్సర్‌లో నివోలుమాబ్‌ను 20 మిల్లీగ్రాముల అతి తక్కువ మోతాదులో ఇచ్చి చూద్దామని టాటా మెమోరియల్ వైద్యులు 151 మందితో లాటరీ పరీక్ష చేశారు. ఏడాది బతికినవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. మందు కంపెనీలు అడగని ప్రశ్న అది. వేళ కూడా ఏ కంపెనీ అడగని ప్రశ్నే, దాన్ని సీసాలో పెట్టి అమ్మలేరు కాబట్టి. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో వందల ఆసుపత్రులున్నాయి. పొద్దున 11లోపు ఒక గుంపు, 2 తర్వాత ఒక గుంపు, స్త్రీలను పురుషులను విడిగా లెక్కించి, మొదటి 4 డోసులు. అదనపు మందు ఖర్చు సున్నా.

ఆ పరీక్ష మొదలయ్యేలోపు ఇన్‌ఫ్యూజన్ ఛార్టులో రెండు గళ్లు చేర్చవచ్చు. మందు పేరు, మిల్లీగ్రాములు, మొదలైన వేళ, ముగిసిన వేళ ఇప్పటికే ఉన్నాయి. వాటి కింద: నిన్న ఎన్నింటికి పడుకున్నారు, ఇవాళ ఎన్నింటికి లేచారు. బీపీ కట్టేటప్పుడు నర్సు అడిగి రాసుకోవడానికి అర నిమిషం పడుతుంది.